పెరటి పూలు మళ్లీ కావాలంటే: బెజవాడ, గుంటూరు నర్సరీల్లో ఏది కొనొచ్చు, ఏది వద్దు

“మా అమ్మమ్మగారి పెరట్లో నూతి పక్కన ఒక తీగ ఉండేదండీ. దీపాలు పెట్టేవేళకు వీధి మొదటిదాకా వాసన కొట్టేది. అదే కావాలి.”

ఉగాది ముందు రోజుల్లో బెజవాడలోగానీ గుంటూరులోగానీ ఏ నర్సరీలో కాసేపు నిలబడినా ఇలాంటి మాట వినిపిస్తుంది. అడిగేవాళ్లకు వాసన గుర్తుంటుంది, పేరు గుర్తుండదు. అమ్మే కుర్రాడికి పేర్లు తెలుసు, ఆ పెరడు తెలియదు. అందుకే ఇంటికి తెచ్చిన మొక్క బతికినా, పూసినా, “ఇది ఆ పువ్వు కాదు” అనే మాట ఏడాది తిరిగాక వస్తుంది. ఈ సమీక్ష అలాంటి పాతకాలపు పెరటి పూల మొక్కల గురించే: మల్లె, జాజి, సంపెంగ, కనకాంబరం, మనోరంజితం, రాధామనోహరం, పొగడ. ఇండోర్ మొక్కలు, లాన్ గడ్డి, రంగురంగుల క్రోటన్ల సంగతి ఇందులో లేదు.

ఏ ఒక్క నర్సరీ పేరూ చెప్పడం లేదు. చెప్పాల్సిన అవసరమూ పెద్దగా లేదు. హైవే పక్కన తాటాకు పందిరి కింద పెట్టి అమ్మినా, ఊళ్లో షేడ్ నెట్ కట్టి అమ్మినా సరుకులో ఎక్కువ భాగం తూర్పుగోదావరిలోని కడియం నర్సరీల వైపు నుంచి లారీల్లో దిగేదే. కాబట్టి మంచీ చెడూ అందరి దగ్గరా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తేడా అంతా మొక్క దిగాక ఎన్నాళ్లు నీడలో ఉంచారు, ఎలా నీళ్లు పెట్టారు, మీరు అడిగినదానికి ఎంత ఓపికగా జవాబు చెప్పారు అన్నదాంట్లోనే. ధరలు కూడా రాయడం లేదు, అవి సీజన్‌ను బట్టి మారిపోతాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఎత్తును చూసి ధర కట్టనివ్వకండి. ఒంటి కొమ్మతో నాలుగడుగులు సాగిన మల్లె కన్నా అడుగున్నర ఎత్తులో నాలుగు కొమ్మలు వేసిన మల్లె విలువైంది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. మల్లె ధైర్యంగా కొనొచ్చు. జాజి కొనేముందు ఆకు చూడాలి. సంపెంగ అంటు అయితేనే కొనాలి. కనకాంబరం మంచిదే, కవరులో మట్టి మాత్రం నమ్మొద్దు. దవనం, గులాబీ, చేమంతి వేసవి ముఖాన కొంటే డబ్బు దండగ. అన్నిటికన్నా పెద్ద మాట: ఇవన్నీ పూస్తున్నప్పుడు అమ్ముతారు, కానీ కొనాల్సిన సమయం అది కాదు. చైత్రంలో మొగ్గలతో కళకళలాడుతున్న మొక్కను తెచ్చి కుండీ మారిస్తే వేళ్లు కుదురుకునే లోపే రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండ అంటారే, కుండీలో మట్టికి ఆ మాట అక్షరాలా నిజం. మృగశిర దాటి, రెండు వానలు పడ్డాక కొన్న మొక్క వచ్చే వసంతానికి పూతకు వస్తుంది. చైత్రంలో నర్సరీకి వెళ్లండి, పువ్వు చూడండి, వాసన చూడండి, ఆకును ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కొనడం మాత్రం ఆషాఢంలో.

బయల్దేరే ముందు ఇంట్లో పెద్దవాళ్లను నాలుగు ప్రశ్నలు అడిగితే సగం పని అయిపోతుంది. తీగా, పొదా, చెట్టా? ఏ వేళకు విచ్చేది? కోసేవాళ్లా, కింద రాలినవి ఏరేవాళ్లా? రేకుల వెనక రంగేదైనా ఉండేదా? సాయంత్రం తెల్లగా విచ్చి మర్నాటికి గులాబీరంగు, ఆ తర్వాత ఎరుపు తిరిగేది రాధామనోహరం. తెల్లారేసరికి నేలంతా పరుచుకుని, నారింజరంగు కాడ ఉన్నది పారిజాతం. అది శరత్తులో పూసేది, వసంతం పూల జాబితాలో వెతక్కండి. సాయంత్రం నాలుగు దాటాక విచ్చి, మిరియాల్లాంటి నల్ల గింజలు ఇచ్చేది చంద్రకాంత. పువ్వు ఆకు రంగులోనే ఉండి ఎక్కడుందో కనపడక, పసుపు తిరిగాక పండిన పండు వాసన కొడితే అది మనోరంజితం, చాలామంది ఆకుసంపెంగ అంటారు. పిల్లలు ఏరి దండ గుచ్చితే ఎండిపోయాక కూడా వాసన పోనివి పొగడ పూలు. ఇంత చెప్పగలిగితే నర్సరీలో ముసలి మాలి ఎవరైనా ఉంటే వెంటనే పట్టేస్తాడు. అలాంటి మనిషి ఉన్న నర్సరీకే వెళ్లండి. సరుకు ఒకటే అయినప్పుడు మనిషి అనుభవానికే ఎక్కువ మార్కులు.

మల్లె

“ఏ మల్లె కావాలమ్మా?” అని ఎదురడిగిన నర్సరీ మంచి నర్సరీ. అడగకుండా చేతికిచ్చింది బొండుమల్లో, దొంతర మల్లో, తీగమల్లో పూసేదాకా తెలియదు. బొండుమల్లె మొగ్గ గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది, మాల కడితే నిండుగా కనిపిస్తుంది. దొంతర మల్లెలో రేకులు వరసమీద వరసగా ఉంటాయి, విచ్చితే చిన్న గులాబీలా ఉంటుంది. దీనికి పూత తక్కువ, పూజకు బాగుంటుంది, జడకు సరిపడా రోజూ రాదు. వేసవి సాయంత్రాల్లో మూరల లెక్కన కొని జడలో పెట్టుకునే మల్లెపూలు కావాలంటే బొండుమల్లె అనే అడగండి.

కాగడా మల్లె దగ్గరే చాలామంది బోల్తా పడతారు. మొగ్గ పొడుగ్గా, తెల్లగా, చూడ్డానికి మల్లెలాగే ఉంటుంది. వాసన మాత్రం చాలా తక్కువ, పూత కూడా చలికాలంలోనే ఎక్కువ. జనవరిలో నర్సరీలో మొగ్గలతో నిండుగా కనిపించే “మల్లె” చాలావరకు ఇదే. మాలలు కట్టి అమ్ముకునేవాళ్లకు మంచి పంట. వాసన కోసం వచ్చినవాళ్లకు పనికిరాదు.

మల్లె గింజ వేస్తే వచ్చేది కాదు. కొమ్మ నాటిందో, నేల అంటు కట్టిందో అయి ఉంటుంది. రెండూ మంచివే, వేరు ఎంత పట్టిందన్నదే చూడాలి. మొక్కను కాండం మొదట్లో పట్టుకుని చాలా నెమ్మదిగా పైకి లాగండి. కవరు మొత్తం కదిలితే వేరు పట్టినట్టు. కాండం ఒక్కటే జారితే ఆ కొమ్మ నిన్నగాక మొన్న గుచ్చింది, చిగురు వేసినా సరే వదిలేయండి. కవరు అడుగు చిల్లుల్లోంచి తెల్లటి వేరు కొసలు కనిపిస్తే మరీ మంచిది. గోధుమరంగు వేళ్లు కవరు దాటి నేలలోకి దిగిపోయి ఉంటే అది ఏడాదికి పైగా అక్కడే కదలకుండా ఉన్న మొక్క. దాన్ని పీకి ఇస్తారు, ఆ దిగిన వేళ్లు తెగిపోతాయి, ఇంటికొచ్చాక వారంలో ఆకు రాలుస్తుంది. ఆకు తిప్పి అడుగున చూడండి. ఆకు మీద, లేత కొమ్మ మీద తెల్లటి నూగు ఫెల్టు గుడ్డలా అంటుకుని ఉంటే అది నల్లి తెగులు. పక్క మొక్కలకూ పాకుతుంది. ఎంత తక్కువకు ఇచ్చినా తేవద్దు.

మైలవరం వైపు మల్లె తోటలు ఉన్న ఊళ్లకు వెళ్లే వీలుంటే ఇంకో దారి ఉంది. చలికాలంలో తోటలకు నీళ్లు ఆపి, ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరిస్తారు. కొన్నిచోట్ల గొర్రెల్ని, మేకల్ని తోలి ఆకు మేపిస్తారు. ఆ కత్తిరించిన కొమ్మల్లో పెన్సిల్ లావు ఉన్నవి అడిగి తెచ్చుకుంటే, జానెడు ముక్కలుగా కోసి, కింద రెండు కణుపులు ఇసుకలో ఉండేలా నాటుకోవచ్చు. అన్నీ వేరు పట్టవు, పది నాటితే కొన్ని పోతాయి. అయినా ఏ రకమో కచ్చితంగా తెలిసిన మొక్క దొరుకుతుంది, నర్సరీలో లేని భరోసా అది.

ఎండ గురించి అమ్మేవాళ్లు తరచూ తప్పు చెబుతారు. “బాల్కనీలో పెట్టుకోవచ్చండీ” అంటారు. రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ పడని చోట మల్లె ఆకు వేస్తుంది, తీగ సాగుతుంది, పూయదు. బెజవాడ అపార్టుమెంట్లలో ఉత్తరం వైపు బాల్కనీ ఉన్నవాళ్లు మల్లె మానేసి వేరేది చూసుకోవడం మేలు. అక్కడ కనకాంబరం కాస్త సర్దుకుపోతుంది.

జాజి, సన్నజాజి, విరజాజి

ఈ మూడు పేర్లనూ ఊరికో రకంగా వాడతారు. కృష్ణా జిల్లావాళ్లు సన్నజాజి అన్నదాన్ని పక్క జిల్లాలో విరజాజి అనడం మామూలే. నర్సరీ చీటీ మీద రాసిన పేరు నమ్మొద్దు, ఆకు నమ్మండి. మల్లె ఆకు ఒంటరి ఆకు, కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా ఉంటుంది. పెద్ద జాజిలో ఒకే కాడకు ఐదు, ఏడు చిన్న ఆకులు ఈకలా అమరి ఉంటాయి. మొగ్గ వెనక లేత గులాబీ చార ఉంటుంది, తీగ పల్చగా, పొడుగ్గా సాగుతుంది. మూడో రకంలో ఒక పెద్ద ఆకు, దాని మొదట్లో రెండు చెవుల్లా బుల్లి ఆకులు ఉంటాయి. పువ్వు చిన్నది, తెల్లది, గుత్తులుగా పూస్తుంది. నూతి పక్కన పందిరికి ఎగబాకి, సాయంత్రం వాసన కొట్టిందని గుర్తున్న తీగ ఈ చివరి రెండిట్లో ఒకటై ఉంటుంది. గులాబీ చార ఉందా లేదా అని ఇంట్లోవాళ్లను అడిగితే తేలిపోతుంది.

జాజికి పందిరి తప్పదు. కుండీలో నాలుగు కర్రలు గుచ్చి సరిపెడితే రెండో ఏడు తీగలు ఒకదానిమీద ఒకటి పడి, లోపల గాలాడక, ఎండుపుల్లలే మిగులుతాయి. డాబా మీదైతే 16 అంగుళాలకు తగ్గని కుండీ, గోడకు కట్టిన వైరు జాలీ కావాలి. అది కుదరదంటే జాజి మొక్క కొనొద్దు.

మిగతావి, త్వరగా

సంపెంగలో నర్సరీవాళ్లు రెండు రకాలు అమ్ముతారు: గింజ మొక్క, అంటు మొక్క. గింజ మొక్క ధర తక్కువ, నిటారుగా, అందంగా పెరుగుతుంది, పూతకు నాలుగైదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంటు కట్టింది ఒకటి రెండేళ్లలోనే పూస్తుంది. కాండం మొదట్లో, నేలకు జానెడు లోపు ఏటవాలు మచ్చ ఉందా, పైభాగం మందం కిందిదానికన్నా కొంచెం తేడాగా ఉందా చూడండి. మచ్చ లేకపోతే అంటు కాదు, ఎంత గట్టిగా చెప్పినా సరే. అంటు కిందనుంచి వచ్చే చిగురును వచ్చినప్పుడల్లా గిల్లేయాలి, లేకపోతే అదే చెట్టయి పైభాగాన్ని చంపేస్తుంది. సంపెంగకు నీరు నిలవకూడదు. గుంటూరు నల్లరేగడిలో గుంట తీసి పాతితే వానాకాలంలో వేరు కుళ్లిపోతుంది. అక్కడ నేలకన్నా అడుగు ఎత్తున మట్టి పోసి కట్టిన మడిలో నాటాలి.

కనకాంబరం మా దృష్టిలో ఈ నర్సరీల్లో దొరికే మేలైన సరుకు. ఎండకూ ఓరుస్తుంది, సగం నీడకూ ఓరుస్తుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు పూస్తుంది. నాటు రకం గింజతో వస్తుంది. ఎండిన కాయ మీద నీటిచుక్క పడితే టప్పున పేలి గింజ దూరంగా పడుతుంది, పెరట్లో దానంతటదే మొలవడానికి కారణం అదే. ఢిల్లీ కనకాంబరం అని అమ్మేది గింజ కట్టదు, కొమ్మతోనే పెంచాలి, పువ్వు పెద్దది. రెండిటికీ శత్రువు నులిపురుగు. ఎరువు వేసినా ఆకు పసుపు తిరిగి మొక్క గిడసబారితే ఒకదాన్ని పీకి చూడండి, వేరు మీద బుడిపెలు కనిపిస్తాయి. అది నర్సరీ మట్టితో పాటే వస్తుంది. అందుకే కనకాంబరం ఒక్కదానికి మాత్రం కవరు మట్టిని వీలైనంత దులిపేసి, కొత్త మట్టిలో గుప్పెడు వేపపిండి కలిపి నాటాలి. పక్కన బంతి వేస్తే నులిపురుగు తగ్గుతుంది.

మరువం కొనండి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట పెట్టండి. దవనం ఫిబ్రవరి, మార్చిలో గుబురుగా, ఘుమఘుమలాడుతూ అమ్మకానికి వస్తుంది. అది చలికాలపు మొక్క, అప్పటికే ఆయుష్షు చివరిది, మే చూడదు. దేవుడికి పెట్టడానికి తెచ్చుకోండి, పెంచుకోవడానికి వద్దు. గులాబీ, చేమంతి అక్టోబరు, నవంబరులో కొనాల్సినవి. రాధామనోహరం చవక, గట్టి తీగ, చావదు. కానీ రెండేళ్లలో పక్కింటి గోడెక్కుతుంది, గేటు కమాను ఉన్నవాళ్లకే అది. మనోరంజితానికి కొక్కేల్లాంటి ముళ్లు ఉంటాయి, నడిచే దారిలో నాటకండి. పొగడ చల్లటి చెట్టు, వీధి వైపు జాగా ఉంటే తప్పకుండా వేయాల్సింది, పువ్వు కోసం మాత్రం చాలా ఏళ్లు ఓపిక పట్టాలి.

కవరులో మట్టి

చాలా కవర్లలో ఉండేది బంకమట్టి ముద్ద. లారీలో ప్రయాణానికి అది విడిపోకుండా ఉంటుంది కాబట్టి నర్సరీవాళ్లకు సౌకర్యం. ఇంట్లో అదే ఇబ్బంది. కుండీలో తేలికపాటి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మిశ్రమం పోసి మధ్యలో ఈ ముద్ద పెడితే, పోసిన నీరంతా చుట్టూ ఉన్న వదులు మట్టిలోంచి జారిపోతుంది, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. పైన తడి కనిపిస్తుంది, మొక్క దాహంతో చస్తుంది. “రోజూ నీళ్లు పోశామండీ, అయినా ఎండిపోయింది” అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే.

మొక్క తెచ్చిన రోజే నాటొద్దు. సాయంత్రం పూట తీసుకురండి. బండి మీదైతే ఆకులకు తడి గుడ్డ చుట్టండి, లేకపోతే గాలికి లేత ఆకు మాడుతుంది. ఐదు నుంచి ఏడు రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాత కవరుతో సహా బకెట్ నీళ్లలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచండి. కవరు బ్లేడుతో నిలువుగా కోయండి, లాగొద్దు. ముద్ద పక్కల్లో వేలితోనో పుల్లతోనో అక్కడక్కడ గీసి పైపొర వదులు చేయండి, మధ్యలో పగలగొట్టొద్దు. కుండీలో మట్టి ముద్దకు మరీ భిన్నంగా ఉండకూడదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక చాలు. ఇసుక కృష్ణ ఇసుక అయి ఉండాలి. సముద్రం ఒడ్డు ఇసుక ఎవరైనా ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దు, ఉప్పు ఉంటుంది. మల్లెకు 14 అంగుళాల కుండీ. తడి మట్టితో అది 40 కిలోలకు దగ్గరగా తూగుతుంది కాబట్టి డాబా మీద గోడవారగా, దూలాల మీదుగా పెట్టుకోవాలి.

నర్సరీవాళ్లే ఇంటికొచ్చి కుండీలు నింపి నాటి వెళ్లే సర్వీసు ఈమధ్య చాలామంది తీసుకుంటున్నారు. ఈ సర్వీసుకు మేం సగం మార్కులే వేస్తాం. బరువులు మోసే శ్రమ తప్పుతుంది, నిజమే. కానీ మట్టి మిశ్రమం వాళ్ల దగ్గరే కలిపి బస్తాల్లో తెస్తారు. పైన నల్లగా, మెత్తగా కనిపించేది కింద వట్టి బంకమన్నై ఉండొచ్చు. మీ కళ్ల ముందు కలపమని ముందే మాట్లాడుకోండి. కుండీ అడుగు చిల్లుల మీద పెంకు ముక్క పెట్టారో లేదో చూడండి. “బలానికి” అని గుప్పెడు డీఏపీ వేయబోతే ఆపండి, కొత్త వేరు దానికి మాడిపోతుంది. మొదటి నెల ఏ రసాయన ఎరువూ వద్దు.

నీళ్లు, పసుపు తిరిగిన ఆకు

గుంటూరులో, బెజవాడ శివార్లలో బోరునీళ్లు చాలాచోట్ల చవ్వగా ఉంటాయి. ఆ నీళ్లతో పెరిగిన మల్లె ఆకు పసుపు తిరుగుతుంది, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. ఇది తెగులు కాదు, ఇనుము అందకపోవడం. నర్సరీలో అడిగితే పురుగుమందు సీసా చేతికిస్తారు, అక్కర్లేదు. లీటరు నీటికి అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఒక గ్రాము కలిపి ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయండి. కొత్త ఆకు పచ్చగా వచ్చేదాకా నెలకోసారి. మొదటి ఆకులు మళ్లీ పచ్చబడకపోవచ్చు, చూడాల్సింది కొత్త చిగురునే. అదే ముదురాకులు మొత్తం, ఈనెలతో సహా పసుపైతే నీరు నిలిచిందో, నత్రజని చాలలేదో అని చూసుకోవాలి.

పాత పెరళ్లలో మల్లె అంత బాగా పూయడానికి ఒక కారణం మల్లెపాదు స్థలం. పాత్రలు కడిగిన నీరు, నూతి గట్టు మీద స్నానాల నీరు రోజూ కొంచెం కొంచెంగా అటు పారేది, పొయ్యి బూడిద, పేడ అక్కడే పడేవి. ఏడాదికోసారి కొమ్మలు నరికేవాళ్లు. కుండీలో వీటిలో ఏదీ దానంతటది జరగదు, చేతులారా చేయాలి.

కత్తిరింపులు

నర్సరీవాళ్లు చెప్పని పని ఇది. మల్లె పూసేది కొత్త చిగురు కొసన. పాత కొమ్మను అలాగే వదిలేస్తే కొత్త చిగురు తక్కువ, పూత తక్కువ. నవంబరు మధ్యనుంచి నీళ్లు బాగా తగ్గించండి, ఆకు వడలి కొంత రాలాలి. నవంబరు చివరి వారంనుంచి డిసెంబరు మధ్యలోపు నేలనుంచి మూరెడు ఎత్తు, అంటే 45 నుంచి 50 సెంటీమీటర్లు ఉంచి పైదంతా కోసేయండి. ఎండుపుల్లలు, సన్నటి కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి మొదలంటా తీసేయాలి. మిగిలిన ఆకులు దూసేయండి. చూడ్డానికి మోడులా ఉంటుంది, భయపడొద్దు. పదునైన కొమ్మ కత్తెర వాడండి, మొండిదైతే కొమ్మ చీలి ఎండు తెగులు కిందకు దిగుతుంది.

కోసిన వారానికి పాదు తవ్వి ఎరువు వేసి నిండుగా నీళ్లు పెట్టాలి. కుండీకైతే ఒక కిలో చివికిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేపపిండి, 50 గ్రాముల ఎముకల పొడి. నేలలో ఉన్న పెరిగిన పొదకు ఏడాదికి పశువుల ఎరువు 10 కిలోలు, నత్రజని 60, భాస్వరం 120, పొటాష్ 120 గ్రాములు. సంచుల లెక్కలో యూరియా 130, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 750, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 200 గ్రాములు వస్తుంది. పశువుల ఎరువు కత్తిరింపులప్పుడే మొత్తం వేసేసి, రసాయన ఎరువుల్లో సగం అప్పుడు, సగం జూన్, జూలైలో వేయండి. యూరియా ఒక్కటే దండిగా వేస్తే తీగ సాగి ఆకు మందమవుతుంది, మొగ్గ రాదు. పక్కింటివాళ్ల మల్లె పచ్చగా ఉండి పూయకపోతే చాలాసార్లు ఇదో, నీడో కారణం.

పెద్ద జాజిని డిసెంబరు చివర, చెవుల ఆకు ఉన్నదాన్ని జనవరి చివర కత్తిరించాలి. మూడిటినీ ఒకేరోజు కోస్తే వేళ తప్పుతుంది. ఫిబ్రవరి చివరికి మల్లెకు మొగ్గ కనపడుతుంది. ఒక విడత పూత అయ్యాక పూసిన కొసలు రెండు కణుపులు కిందికి తుంచితే నెలా నెలన్నరలో మళ్లీ వస్తుంది.

మొగ్గ విచ్చకుండా ఊదారంగు తిరిగి, తెరిస్తే లోపల చిన్న పురుగు ఉంటే అది మొగ్గ తొలిచే పురుగు. మొగ్గ అడుగున ఉబ్బి, గిడసబారి, గులాబీరంగు తిరిగితే ఈగ పని. రెండిటికీ ముందు చేయాల్సింది ఒకటే: అలాంటి మొగ్గలన్నీ కోసి, పాదులో పడేయకుండా, సంచిలో కట్టి పారేయాలి. పురుగు రెక్కలు రాకముందు ఉండే కోశస్థ దశకు మట్టిలోనే వెళ్తుంది కాబట్టి పాదులో పైమట్టి అప్పుడప్పుడూ గుల్ల చేస్తుండాలి. మొగ్గ కనపడగానే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి పది రోజులకోసారి సాయంత్రం కొట్టండి. నల్లికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు, మండుటెండ రోజుల్లో మాత్రం వద్దు, ఆకు మాడుతుంది.

మొక్క మారుస్తారా?

రకం తప్పని పూసాక తేలితే మార్చి ఇచ్చే నర్సరీ అరుదు. చనిపోతే మారుస్తామనేవాళ్లు ఉన్నారు, వారం పది రోజుల గడువు పెడతారు. బిల్లు మీద రకం పేరు రాయించుకోవడం, కొన్నప్పుడే ఆకు ఫొటో తీసుకోవడం వల్ల కొంత నిలదీసే వీలుంటుంది. ఈ విషయంలో రెండూళ్ల నర్సరీలకూ తక్కువ మార్కులే.

ఆ పాత పెరటి మొక్క ఇంకా బతికే ఉంటే, ఇల్లు చేతులు మారినా సరే, ఒకసారి అడిగి చూడండి. దాని కొమ్మతో వచ్చిన మొక్కకు ఏ నర్సరీ సరుకూ సాటిరాదు, రకం గురించి ప్రశ్నే ఉండదు. వానలు మొదలయ్యాక, జూన్, జూలైలో, నేలకు వంగే ఏడాది వయసు కొమ్మ ఎంచుకోండి. కొసనుంచి మూరెడు వెనక్కి, ఒక కణుపు కిందగా, బొటనవేలి గోరంత పొడవున బెరడు ఏటవాలుగా చీల్చి, చీలిక మూసుకోకుండా పుల్లముక్క పెట్టండి. ఆ చోటును బెత్తెడు లోతు మట్టిలో పూడ్చి పైన రాయి పెట్టండి, కొస మాత్రం బయటికి నిలబడి ఉండాలి. మీరు ఆ ఊళ్లో ఉండకపోతే నేలకు బదులు పక్కనే ఒక కుండీ పెట్టి అందులోకి వంచి పూడ్చండి, తడి ఆరకుండా చూడమని అక్కడివాళ్లకు చెప్పి రావచ్చు. మూడు నాలుగు నెలల్లో వేరు పడుతుంది. దసరాకో దీపావళికో వెళ్లినప్పుడు కొస కొత్త చిగురు వేసి ఉంటే తల్లి మొక్క వైపు కోసి, కుండీతో సహా తెచ్చుకుని పదిహేను రోజులు నీడలో ఉంచండి. ఆ ఏడాది డిసెంబరులో దాన్ని కత్తిరించొద్దు, మొదటి కత్తిరింపు పై సంవత్సరమే.